రమణి కూత

నవంబరు 1998, మంగళవారం

మా తొమ్మిదో తరగతిలో రమణి అంత చురుగ్గా కబడ్డీ ఆడేవాళ్ళు లేరు. కానీ తనకు పుట్టినప్పటి నుంచీ వినపడదు, కూతకు వెళ్తే నోరు విప్పదు. "కూత లేకపోతే రిఫరీ ఫౌల్ ఇస్తాడమ్మా. మండపేట పోటీకి ఎలా తీసుకెళ్ళను?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

వారం రోజులు మేమంతా తన చెవి దగ్గర కబడ్డీ కబడ్డీ అని అరిచాం. ఎంత తెలివితక్కువవాళ్ళం! ఈరోజు తనే విసుగొచ్చి నా గొంతు మీద వేళ్ళు పెట్టింది, రెండో చెయ్యి తన గొంతు మీద. నేను ఆపకుండా కూత పెట్టాను. చాలాసేపటికి తన నోట "అబది అబది" అని వచ్చింది.

"ఏంటే, పావురంలా ఆ కూతేంటే!" అని కెప్టెన్ లక్ష్మి పడీపడీ నవ్వింది. రమణి ఆ కూతతోనే వెళ్ళి, నవ్వుతున్న లక్ష్మిని తాకి గీత దాటి వచ్చేసింది.

"ఇది కూతేనాండీ?" అని మాస్టారిని అడిగాను.

"మధ్యలో ఊపిరి తీసుకోలేదుగా! నాకైతే కూతే. పేరు రాసేస్తున్నాను. అక్కడి రిఫరీ ఏమంటాడో మరి."

ఆ రిఫరీ ఒప్పుకోకపోతే? నాకూ అదే బెంగ. ఇప్పుడు ఇది రాస్తూ నా గొంతు మీద చెయ్యి పెట్టుకుని నాకిష్టమైన మాటలన్నీ అని చూశాను. ప్రతి మాటా వేలికి వేరుగా తగిలింది. మండపేటలో ఆ రిఫరీ చేతిని కూడా రమణి గొంతు మీద పెట్టించగలిగితే...