ఎవరూ ముట్టని గిన్నె

ఒర్లు దగ్గర శరణార్థి శిబిరంలో, ఒకప్పుడు మూడో తరగతి గదిగా ఉన్నచోట, నాలుగు కుటుంబాల మధ్య కాపురముంటున్న అనోజియే ఉజోండు అను నేను, వయసు ఇరవై ఒకటి, న్సుక్కా విశ్వవిద్యాలయంలో చరిత్ర రెండో ఏడు (విశ్వవిద్యాలయం తగలబడింది కనుక మూడో ఏడు లేదు), పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. బలవంతమంతా నన్ను సైన్యంలో చేర్చుకోవడానికే ఖర్చయిపోయింది. రేపు లారీ ఎక్కాలి.

1. శిక్షణలో నాకిచ్చిన కర్ర తుపాకి చిన్నాన్న ఒగ్బొన్నా గారికి చెందవలెను. అసలుది చచ్చినవాడి చేతిలోంచి తీసుకోవాలట. కుర్రాళ్లను పట్టుకెళ్లేవాళ్లు వచ్చినప్పుడు, "రండి బాబూ, మా ఇంట్లో సింహం ఉంది!" అని ఆయనే నన్ను చూపించారు. ఆయన సొంత సింహం అప్పుడు వాసాల మీద దాక్కుని తుమ్ము ఆపుకుంటోంది. దానికి నా ఆశీస్సులు.

2. గోడమీది బల్లులకు, కాల్చుకు తిన్నందుకు, నా క్షమాపణ. పుచ్చుకోవడానికి ఒక్కటీ మిగల్లేదు కనుక ఈ అంశం రద్దు.

3. నా చదువు, కావలసినవారికి. ప్రశ్న: అంతర్యుద్ధానికి కారణములు, ఫలితములు వివరింపుము. కారణం: ఉత్తరాన కనోలో రైల్వే గుమాస్తాగా ఉన్న అన్నయ్య ఒకెజీ, అక్కడ మా జాతి ఇగ్బోలను ఇళ్లలోంచి లాగి చంపిన రోజుల్లో, బతికినవాళ్లను తెచ్చిన రైల్లోంచి దిగలేదు. అలా దిగనివాళ్లు వేలమంది. వేరే దేశం మాదన్నాం. వీధిలో గంతులేశాం, నేనూ వేశాను. ప్రభుత్వ సైన్యం మాకు తిండి వచ్చే దారులన్నీ మూసేసింది. ఫలితం: నా చెల్లెలు ఓలాన్మా జుట్టు ఎర్రబడింది, పాదాలు వాచాయి. మధ్యలో ఉన్నవన్నీ ఉపన్యాసాలు.

4. అన్నయ్య దిగని రోజు నుంచీ అమ్మ అతని వంతు గిన్నెలో తీసి మూత పెడుతోంది. ఊళ్లో ఉండగా మర్నాడు అది మేకకు పెట్టేది. ఇప్పుడు చీమలు తింటున్నాయి. "వాడి కూడు ఇంకొకరికి పెడితే వాడు పోయాడని నేనే ఒప్పుకున్నట్టు కదరా" అంటుంది. అమ్మా, శవం దొరకనివాడికి అరటి బోదె పాతిపెట్టడం మన ఆచారమే కదా. బడి వెనక అరటిచెట్లున్నాయి. రెండు బోదెలు పాతించు, ఒకటి అన్నయ్యకు, ఒకటి నాకు. నా కబురు కోసం ఆగొద్దు. మా రెండు వంతులూ ఓలాన్మాకు చెందవలెను.

5. పైదంతా అమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "సరే, నీ గిన్నె ఏది? చూపించు, గుర్తుపెట్టుకుంటా" అంది.

కనుక నాలుగో అంశాన్ని ఇలా సవరిస్తున్నాను. ఓలాన్మా, అమ్మ శిబిరంలో తిండి పంచే వరసలో నిలబడ్డప్పుడు రెండు గిన్నెలూ తిను. గిన్నెలుండే చోటికే నీ చాప జరిపాను, లేవక్కర్లేదు. అది దొంగతనం కాదే పిచ్చిదానా, ఆస్తి. తిన్నాక మూతలు మళ్లీ పెట్టెయ్. మేమొచ్చి తిన్నామనుకుంటుంది.

1969 ఆగస్టు 17.

(సంతకం) అనోజియే ఉజోండు

సాక్షులు:
న్వాచుక్వు, నా తరగతివాడు, రేపు అదే లారీ.
ఓలాన్మా, వేలిముద్ర, చెయ్యి నేనే పట్టుకుని వేయించాను. వారసులు సాక్షి సంతకం చేయరాదంటారు. కోర్టు ఎక్కడైనా మిగిలుంటే అక్కడ చెప్పండి.