పై గడి ఖాళీ

బేర్ సరాయ్, ఢిల్లీ, 4-7-1988

గౌరవనీయులైన పరిపాలనాధికారి అనంతరామయ్య గారికి, కంప్యూటర్ విభాగం అరుంధతి నమస్కారాలు.

ఇక్కడ టపా విప్పేవాళ్ళకు తెలుగు రాదు కనక ధైర్యంగా రాస్తున్నాను. నిజానికి ధైర్యం లేదు. నా ప్రొబేషన్ ఈ నెలతో సరి. మన యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం, అదే కెర్నెల్, తయారుచేసేటప్పుడు మీ భవనంతో లైన్లో మాట్లాడే పద్ధతులు, అంటే నెట్‌వర్క్ ప్రోటోకాల్స్, ఏవి కావాలో, ఏవి వద్దో ముందే చెప్పాలి. ఆ ప్రశ్నలు పన్నెండు చోట్ల చెల్లాచెదురుగా ఉంటే అన్నీ ఒక పట్టికలోకి తెచ్చాను. పై గడి, ‘అసలు నెట్‌వర్క్ కావాలా?’ దాని కింద మిగతావి. మెమరీ చాలదు, సగం పైగా ‘వద్దు’ అనాలి. ఏవి వద్దో విభాగాలను అడిగి చెప్పండి. పొరపాటు జరిగితే నా ఉద్యోగం పోయినట్టే.

విధేయురాలు,
అరుంధతి

తా.క. పట్టిక గీతలు వంకరగా ఉంటే అది స్కేలు తప్పు కాదు.

సాకేత్, 11-7-1988

చి. అరుంధతికి అనంతరామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నాకూ చెమటలు పట్టాయమ్మా. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఫైలు మీద ‘వద్దు’ అని రాసి బాగుపడినవాణ్ణి నేను చూడలేదు. రేపు అదే అవసరమైతే ముందు పట్టుకునేది ఆ సంతకాన్నే. ఏడు విభాగాలకూ తిప్పాను. అందరూ అన్నిటికీ ‘కావాలి’ అనే రాశారు. అకౌంట్స్ సీతారత్నం గారు ప్రోటోకాల్ అంటే ఏమిటని అడిగి, నేను చెప్పేలోపే సంతకం పెట్టేశారు. పై గడి మాత్రం ఖాళీగా ఉంచాను. ఒక్క మాటతో అన్నీ మూతపడే గడికి తగిన అధికారి ఎవరో తేలలేదు. ఏడు సంతకాలు పడ్డ కాగితం, అక్షరం మార్చకుండా అమలు చెయ్యి.

ఇట్లు,
అనంతరామయ్య

తా.క. ఇకమీదట ‘వద్దా?’ అని అడక్కు. ‘తరువాత చూద్దామా?’ అని అడుగు, అందరూ ఒప్పుకుంటారు.

బేర్ సరాయ్, 15-7-1988

అనంతరామయ్య గారికి నమస్కారాలు.

అక్షరం మార్చకుండా అమలు చేశాను. ఖాళీ గడిని యంత్రం ‘వద్దు’ అనే తీసుకుంటుందండీ. పైది వద్దంటే కిందవి అసలు అడగదు. ఏడుగురి ‘కావాలి’ గాలికి పోయింది. కెర్నెల్ చిన్నదై యంత్రం పరుగులు తీస్తోంది, మీ భవనానికి మాత్రం ఒక్క ముక్క చేరదు. పై గడిలో ‘కావాలి’ అని రాస్తే అన్నీ వచ్చిపడి యంత్రం లేవనే లేవదు. నాకు అన్నం సయించడం లేదు. ఏం చెయ్యమంటారు?

విధేయురాలు,
అరుంధతి

తా.క. మెస్‌లో వడ్డించే భయ్యా ‘ఔర్ రోటీ, దీదీ?’ అని ఇంకో రొట్టె వెయ్యబోతే ‘నహీ’, వద్దు, అనడానికి కూడా భయమేసి, తినకపోయినా తీసుకుంటున్నాను.

సాకేత్, 25-7-1988

చి. అరుంధతికి ఆశీస్సులు.

దేన్నీ ముట్టుకోకు. రోజుకు ముప్పై ఫిర్యాదులు వచ్చే చోట పది రోజులుగా ఒక్కటీ లేదని డైరెక్టర్ గారు ఆశ్చర్యపోయారు. ఫిర్యాదులు వచ్చేది కూడా ఆ లైన్లోనే అని నేను చెప్పలేదు. ఈ రోజు ఆయన తలుపు వేసుకుని, నీ విషయమై ఆర్డరు స్వయంగా టైపు చేసి, ఆ లైన్లోనే నీకు పంపారు. ఉద్యోగం ఖాయమో, ఊస్టింగో నాకు తెలియదు. తెర మీద ‘క్యూలో ఉంది’ అని వచ్చింది, అంటే ఇంకా కదల్లేదు. ఢిల్లీలో క్యూలో నిలబడ్డాక పని సగం అయినట్టే అని ఆయన సంతోషించారు. అందిందని నిన్ను రాసి పంపమన్నారు. అందలేదన్నావో, లైను సంగతి బయటపడి ఇద్దరం పోతాం.

ఇట్లు,
అనంతరామయ్య

తా.క. ఈ ఉత్తరం చించెయ్యి. చిన్న ముక్కలుగా.

బేర్ సరాయ్, 27-7-1988

అనంతరామయ్య గారికి నమస్కారాలు.

డైరెక్టర్ గారికి అందజేయవలసిన జవాబు ఇది. ‘నా ఉద్యోగం ఖాయం చేస్తూ తమరు పంపిన ఆర్డరు అందింది. కృతజ్ఞతలతో ఈ రోజే విధుల్లో చేరాను.’

మీ ఉత్తరం చిన్న ముక్కలుగా చించేశాను.

విధేయురాలు,
అరుంధతి

తా.క. ఆయన రాసింది వేరొకటైతే, మళ్ళీ అదే లైన్లో పంపమనండి.