తెల్ల ఐరిస్ పిలక

డెవన్, 1974 జనవరి

హ్యూబర్ట్ బావకు, మర్యాదకు లోటు రాకూడదు కనుక నమస్కారం.

నా పెళ్ళి విందులో గ్లాసెత్తి ఏమన్నావు? "చెల్లెలు మ్యూరియల్‌ని ఇచ్చాను. వచ్చే శరత్తుకు తెల్ల ఐరిస్ పిలక కూడా ఇస్తా." పాతికేళ్ళు దాటింది. యుద్ధంలో అల్జీరియా కొండ మీద, అన్నీ ఊదా పువ్వులే ఉన్నచోట నీకు దొరికిన ఒకే ఒక్క తెల్లది! ఏటా జనవరిలో మ్యూరియల్ పుట్టినరోజుకు ఒక పువ్వు పంపి నన్ను ఉడికించేవాడివి. ఆమె పోయాక అదీ లేదు. ఒక్క జనవరిలోనైనా ఆ పువ్వు ఆమె సమాధి మీద పెట్టాలి. పిలక పంపు.

ఇంకా నీ బావనే,
ఆంబ్రోస్

తా.క. మీ ఆవిడ క్రిస్మస్ కేకు అందింది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.

ఎక్సెటర్, ఫిబ్రవరి

ఆంబ్రోస్ బావా,

పువ్వులు నేనెప్పుడు పంపాను? పిలక మాత్రం ఆ శరత్తులోనే మ్యూరియల్ చేతికిచ్చాను. నువ్వే చంపి ఉంటావు. మొన్నటి మంచుకు నా తల్లి మొక్క పోయింది, మిగిలింది ఒకే పిలక. సెప్టెంబరులో పంపుతాను. గోడవారన ఇటుక ముక్కల్లో నాటి వదిలెయ్. ఎరువొద్దు, నీళ్ళొద్దు. దానికి సుఖం పడదు.

హ్యూబర్ట్

తా.క. ఆ విషయంలో అది నీకు దగ్గరి చుట్టం.

డెవన్, 1975 డిసెంబరు

హ్యూబర్ట్‌కు (బావ అనడం మానేశాను),

ఇచ్చినట్టే ఇచ్చి పస్తు పెట్టి చంపమంటావా? కానుక వంకతో పగ తీర్చుకున్న రాజుల కథలు లైబ్రరీలో చాలా చదివాను. మెత్తటి మట్టి పోశాను, గుర్రపు లద్దె వేశాను, రోజూ నీళ్ళు పోశాను. ఆకులు మోకాలెత్తు. పువ్వు సున్నా. నువ్వు పంపింది గడ్డి.

ఆంబ్రోస్

తా.క. పక్కింటి గొర్రె రుచి చూసి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

ఎక్సెటర్, మర్నాడే

ఓరి దుర్మార్గుడా,

లద్దె వేశావా! తవ్వి చూడు, మొదలు కుళ్ళిపోయి ఉంటుంది. ఆ తెల్ల ఐరిస్‌లో నాకు మిగిలింది అదొక్కటే!

హ్యూబర్ట్

తా.క. ఆనాడు పిలక తీసుకుంటూ మ్యూరియల్ ఏమందో తెలుసా? "అన్నయ్యా, ఎక్కడ నాటానో ఆయనకు చెప్పను. ప్రేమ పుట్టిందంటే లద్దె బుట్టతో వస్తాడు." నాకూ చెప్పలేదు.

డెవన్, 1976 జనవరి

హ్యూబర్ట్ బావా,

కుళ్ళింది. పారేద్దామని బొగ్గుల కొట్టు వెనక్కి వెళ్ళాను. బొగ్గులు తేవడం మ్యూరియల్ పని. నేనెప్పుడూ అటు పోలేదు. అక్కడ, విరిగిన ఇటుకల మధ్య, మంచమంత గుబురు. పదకొండు తెల్ల పువ్వులు! నువ్వు పంపావనుకున్న, బల్ల మీది ఆ పుట్టినరోజు పువ్వులు ఎక్కడివో ఇప్పుడు తెలిసింది. ఒకటి సమాధి మీద పెట్టి వచ్చాను.

నీకూ ఒక పిలక ఇస్తాను. వచ్చే శరత్తుకు.

ఆంబ్రోస్

తా.క. నిన్ను క్షమించాను. అన్నేళ్ళూ పువ్వు చూపించి మొక్కను దాచింది నువ్వు కాదు. నా లద్దె బుట్టను అంతగా అనుమానించింది నువ్వు కాదు. నేనింకా క్షమించనిది ఒక్కరినే: మ్యూరియల్‌ని.