మా రోజు జీతం, ఆయన దానం

యాదన్నా,

నిన్న నీ సంవత్సరీకానికి వదిన చిట్కుల్‌లో భోజనాలు పెట్టింది. నీకిష్టమని బోటి కూర కూడా వండింది. మన కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసే రమేశ్ అక్కడే ఓ సంగతి చెప్పాడు.

నువ్వు పోయినప్పుడు మీ ఇంటికోసం కంపెనీలో అందరం ఒకరోజు జీతం ఇచ్చాం కదా. ఓనరు దాన్ని తన ట్రస్టుకు తానే ఇచ్చిన విరాళంగా చూపించి, ఆ రసీదుతో పన్ను తగ్గించుకున్నాడట. వదినకు చెక్కు ఆ ట్రస్టు పేరుతోనే ఇచ్చాడు.

ఆ విరాళం మా పేరున ఎందుకు రాయలేదని పొద్దున మేనేజరును నిలదీశాను.

"నువ్వేమన్న ట్యాక్స్ కడ్తున్నవా? రసీదు నీకెందుకు?" అని నవ్వాడు.

"రసీదు నాకొద్దు సార్. ఇచ్చింది మేమని రాయుండ్రి, సాలు" అన్నాను. "పోయి పని సూస్కో" అన్నాడు.

గేటు దగ్గర నీ బొమ్మ పక్కన, ఓనరు వదినకు ఆ చెక్కు ఇస్తున్న ఫొటో ఇంకా వేలాడుతోంది. చచ్చాక కూడా నీతో ఓవర్‌టైం చేయిస్తున్నారు, యాదన్నా.