వెనక్కి నడిచిన గూటాలు

తమ్ముడూ,
ఆశీస్సులు. నాకు ముద్ద దిగడం లేదురా. ఇంటాయన నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడు. కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను? కార్పొరేషన్ వాళ్లు తమ స్థలం ఏదో చూసి చవక ఇళ్లు కడతారట, లాటరీకి పేరిచ్చాను. ఇల్లొస్తే అది కట్టేదాకా ఉండనిస్తానన్నాడు. నేను పట్టిందల్లా మట్టే కదా, అదే భయం.
ఇట్లు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న అక్క.
తా.క.: నీ చొక్కా పంపుతున్నా. కంగారులో ఎడమచెయ్యి పొట్టిదైంది. సర్దుకో.

అక్కా,
నమస్కారాలు. నా బెంగ కూడా విను. మా కిటికీ ఎదుటి పాత బస్సు డిపోలో ఎవరికో మేడలు లేపుతారట! నాలాంటి రిటైరైన బస్సు కండక్టరుకి మిగిలిందే ఆ కాస్త గాలి. ఇంజనీరు గోడల గుర్తుకి కర్రగూటాలు పాతించాడు. ఎలా కడతారో నేనూ చూస్తా.
ఇట్లు, ఊపిరాడని తమ్ముడు.
తా.క.: చొక్కా బాగుంది, రోజూ అదే. పొద్దున్నే వంగి లేచి నడుం పట్టేసింది. ఎందుకని అడక్కు.

తమ్ముడూ,
ఇల్లొచ్చిందిరా! మీ డిపోలోనే! కానీ సంబరం పూటైనా నిలవలేదు. ఎవడో రోజూ గూటాలు జరుపుతున్నాడట. కొలతలు కుదరక పని ఆపేస్తామంటున్నారు. ఆపితే నేనూ మిషనూ వీధిపాలే. వాడి చేతులు పడిపోను! వాడి నడుం విరగ!
ఇట్లు, కాళ్లూ చేతులూ ఆడని అక్క.
తా.క.: నువ్వక్కడే ఉంటావుగా. దొంగని పట్టుకుని నా తరఫున రెండు తగిలించు.

అక్కా,
శాపాలు ఆపు, నీకు పుణ్యముంటుంది. దొంగ దొరికాడు. పాపం, పెద్దమనిషే, నువ్వని తెలీక చేశాడు. అంటే, ఇల్లు ఎవరిదో తెలీక. గూటాలన్నీ వాడి చేతే మళ్లీ పాతించాను. ఇంజనీరు కొలిచి తలూపాడు. పని మొదలైంది. ఇక కడుపునిండా తిను.
ఇట్లు, నీ తమ్ముడు.
తా.క.: రెండు తగిలించమన్నావు. తన నెత్తిన తనే మొట్టుకున్నాడు, సరిపెట్టుకో.

దొంగని పట్టిన వీరుడికి,
ఆశీస్సులు. డిపో వాచ్‌మన్ కార్పొరేషన్ ఆఫీసులో మా అందరి ముందూ చెప్పాడురా. ఎవరో ముసలాయన తెల్లవారగానే గూటం పీకి, వెనక్కి నడుస్తూ, బస్సుని రివర్సు చేయిస్తున్నట్టు "రానీ, రానీ, హోల్డాన్" అని తనకి తనే చెప్పుకుని పాతేవాడట. చొక్కాకి ఎడమచెయ్యి పొట్టిదట. ఆ శాపాలు రాసేనాటికే నాకది తెలుసు. నోరెత్తితే నీ పరువు పోతుంది, ఎత్తకపోతే నా ఇల్లు. శాపాలు రాసి ఏడ్చాను. నువ్వు దిద్దుకుంటావనే రాశాను, దిద్దుకున్నావు.
ఇట్లు, రేపటి నీ ఎదురింటి అక్క.
తా.క.: వాచ్‌మన్ ఇంకా వెతుకుతున్నాడు. వెంటనే ఆ చొక్కా పంపు, కుడిచెయ్యి కూడా పొట్టి చేసిస్తా.