గ్రంథి మీద నెట్టిన తప్పు

ప్రత్తిపాడు,
జనవరి 8

ప్రాణం లాంటి సర్దార్‌బీకి,

నా నెంబరు బ్లాక్ చేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చింపితే చింపు గానీ చదివి చింపు.

పోయినేడు మా మిరప కల్లంలో, నీ కాయలూ నా కాయలూ పక్కపక్కనే ఆరుతుంటే, ఇరవై మంది కూలీల ముందు "నీ తెల్లబారిన తాలుకాయలు నా ఎర్రటి రాశిలో కలిపావే దొంగమొహమా" అని నీ మీద అరిచానే, అది నేను కాదట. నా మెడలో గ్రంథి అట! మూడేళ్లుగా ఎముకల నొప్పులు, మతిమరుపు, అయినదానికీ కానిదానికీ కోపం. ఊళ్లో ఆర్‌ఎంపీ కాల్షియం తక్కువన్నాడు. గుప్పెళ్లతో బిళ్లలు మింగాను, చెంబులతో రాగిజావ తాగాను. చివరికి కిడ్నీలో రాయి పడితే గుంటూరు డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి తల పట్టుకుంది. "అమ్మా, మీకు కాల్షియం తక్కువ కాదు, ఎక్కువ!"

థైరాయిడ్ వెనక పారాథైరాయిడ్ అని బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయట. నాకు ఒకటి శనక్కాయ పప్పంత బలిసి, ఎముకల్లో కాల్షియం తోడి రక్తంలో పోస్తోంది. మెడంతా కొయ్యరట. చెడింది ఏదో ముందే స్కానింగులో చూసుకుని, అంగుళం గాటు పెట్టి అదొక్కటే తీస్తారు. మర్నాడే ఇంటికి. కాకపోతే గొంతు నరం పక్కనే ఉంటుంది, నూటికొకరికి గొంతు పోవచ్చంది. గొంతు పోతే నాకింకేం మిగులుతుందే? అందుకే ముందే చెప్తున్నాను, తిట్టింది గ్రంథి. నన్ను క్షమించి మళ్లీ మా కల్లానికి రా.

ఏ పాపం ఎరగని
హనుమాయమ్మ

జనవరి 24

సర్దార్‌బీ,

ఆపరేషన్ అయింది. బల్ల మీదే రక్తం తీసి చూస్తే పది నిమిషాల్లో ఆ గ్రంథి వదిలే హార్మోను దిగిందట. ఎముకలు మళ్లీ గుంజుకుంటాయని, వద్దన్న కాల్షియం బిళ్లలే ఇప్పుడు కొన్నాళ్లు మింగమంటున్నారు! గొంతుకేం కాలేదు, మూడు వారాలు అరవొద్దన్నారంతే. నొప్పులు తగ్గాయి.

ఇక శాంతమూర్తినై పోయాననుకున్నాను. నిన్న మా ఆయన చెంచయ్య పొయ్యి మీద పాలు పెట్టి టీవీ ముందు కూర్చున్నాడు. పాలన్నీ పొంగిపోయాయి. అరవకూడదుగా, గరిటెతో పళ్లెం వాయించి దగ్గరకు పిలిచి, చెవిలో తిట్టాను. ఆయన "గ్రంథి తీశారన్నావు కదే?" అన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

అప్పటి నుంచి నాకు సిగ్గుగా ఉంది. అసలు సంగతి చెప్తాను. కల్లంలో నిన్ను తిట్టిన రోజు సాయంత్రం ఆ తాలుకాయలు పోసిన ఖాళీ బస్తా తిరగేస్తే దాని మీద ఆకుపచ్చ రంగుతో మా ఆయన పేరే ఉంది. నేనే ఏరి పక్కన పెట్టి, నేనే మర్చిపోయి రాశిలో పోశాను. మర్చిపోవడం గ్రంథి పనేమో. పేరు చూశాక కూడా, నువ్వు ఏడుస్తూ ట్రాక్టరెక్కుతుంటే, ఆ బస్తాను పేరు కనపడకుండా బోర్లా తిప్పి పెట్టింది మాత్రం నేనే. నువ్వు లేని కల్లం నాకు కల్లంలా లేదే. తప్పు నాది.

హనుమాయమ్మ

కొత్తపట్నం,
జనవరి 30

ఏమే హనుమాయమ్మా,

బస్తా మీద పేరు ఆ రోజే చూశాను. ఆ మాట నీ నోటి నుంచి వస్తుందని ఏడాది ఎదురుచూశాను. గ్రంథి ఉత్తరం చదివి మా అక్క ఇంట్లో అందరికీ వినిపించి నవ్వాను. రెండోది ఎవరికీ చూపించలేదు.

నెంబరు బ్లాక్ తీశాను, ఫోన్ మాత్రం చెయ్యకు, అరుస్తావు. కాయ కోత మొదలవగానే మీ కల్లానికే వస్తాను. ఒకటే షరతు. ఇరవై మంది ముందు తిట్టావు, ఇరవై మంది ముందే చెప్పాలి. గుసగుసగా చెప్తే ఒప్పుకోను. నీ గొంతు పూర్తిగా వచ్చేదాకా ఆగుతాను.

నీ సర్దార్‌బీ