నెలకో రోజు మినహాయింపు

మంగళవారం, రాత్రి

నేను చూసే నేత సంఘం సాఫ్ట్‌వేర్‌ను బెంగళూరు కంపెనీ వాళ్లకు అప్పగించాలి. ఆరేళ్లుగా నేను వాయిదా వేస్తూ వచ్చిన డాక్యుమెంటేషన్‌ను ఏఐ ఒక్క పూటలో రాసిపెట్టింది. ఒక్కచోట మాత్రం ఆగి అడిగింది: "నెలకో రోజు నేతగాళ్ల హాజరు తీసుకోవద్దని కోడ్‌లో ఉంది. కారణం రాసి లేదు. సర్వర్ మరమ్మతు కోసమని నా ఊహ. సరైనదేనా?"

నాకూ గుర్తు రాలేదు. అవునని కొట్టి, అంతా బెంగళూరుకు పంపేసి, అన్నానికి లేచాను.

ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. నాన్న మంచం మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"ఏమప్పా, ఈపొద్దు అమావాస్య గదా! అమావాస్య నాడు యాడన్నా మగ్గంలో కూచుంటారా? నువ్వు నేసేవాళ్లింట్లోనే పుట్టినావా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ లైను రాసింది నేనే. సంఘంలో ఉద్యోగానికి చేరిన కొత్తలో, అమావాస్య నాడు నాన్నకు గైర్హాజరు పడితే, కోపంతో రాశాను.

కంప్యూటర్ దగ్గరికి తిరిగొచ్చేసరికి బెంగళూరు నుంచి మెయిల్ ఉంది. కొత్త సర్వర్‌కు మరమ్మతు రోజు అక్కర్లేదట, లైను తీసేశారట. ఫోన్ చేశాను. "కారణం మీరే ఖాయం చేశారు కదండీ. ఇక మార్పులేమైనా వచ్చే ఏడాదే" అన్నాడు అవతలి మనిషి.

ఏఐ తెలియక అడిగింది. నేను రాసీ చెప్పలేకపోయాను. పక్కగదిలో నాన్న నిద్రపోతున్నాడు. వచ్చే అమావాస్యకు ఆయన పేరు పక్కన మళ్లీ గైర్హాజరు పడుతుంది.